బుడమేటి చెంత యోగక్షేమాలు

భగవద్గీత తొమ్మిదవ అధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ అనన్యచింతనతో తనను ఉపాసించే వారి యోగక్షేమాలను తానే వహిస్తానని అభయమిచ్చాడు. ఆ అభయవాక్యాన్నే భారతీయ జీవిత బీమా సంస్థ తన చిహ్నంలో ధరించింది. లభించనిదానిని పొందడం యోగం, లభించినదానిని రక్షించుకోవడం క్షేమం అని శంకర భగవత్పాదులు వివరించారు. గృహస్థుల దృష్టి తరచుగా యోగం మీదనే నిలుస్తుంది. రిజిస్ట్రేషనుకు ముహూర్తం అడుగుతారు, గృహప్రవేశానికి ముహూర్తం అడుగుతారు. ఆ ఇంటి క్షేమాన్ని గురించి అడిగేవారు అరుదు. ఇటీవల మేము ఒక గృహం కొనవలసి వచ్చినప్పుడు ఈ విషయమై చేసిన విచారణను సద్భక్తుల ముందుంచుతున్నాను.

నేను విజయవాడలో ఒక ఆలయంలో అర్చకుడను. ఇరవై ఆరేళ్ళుగా దేవస్థానం వారిచ్చిన రెండు గదుల వసతిలోనే మా సంసారం సాగింది. విరమణానంతరం ఆ వసతిని విడిచిపెట్టవలసిందే. సంభావనలలో మిగిల్చినది, నా ధర్మపత్నికి పుట్టింటి వారిచ్చిన పొలం అమ్మగా వచ్చినది, కొద్దిపాటి బ్యాంకు ఋణం, ఇంతే మా మూలధనం. దానికి అందుబాటులో ఉన్నవి బుడమేటికి చేరువలోని కాలనీలు మాత్రమే. అక్కడ ఇండ్ల వెల తక్కువగా ఉండడానికి కారణం నగరవాసులందరికీ విదితమే.

బుడమేరు మైలవరం కొండలలో పుట్టి కొల్లేటిలో కలిసే ఏరు. వెలగలేరు వద్ద రెగ్యులేటరు కట్టి, దాని వరద నీటిని మళ్ళింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి పంపే ఏర్పాటు ఉన్నది. అయితే కృష్ణవేణి తానే పొంగినప్పుడు ఆ కాలువ నీటికి దారి దొరకదు. 2024 సెప్టెంబరు 1న అతివృష్టి, కాలువ గట్లకు పడిన గండ్లు, కృష్ణా వరద ఏకకాలంలో సంభవించాయి. మరునాడు బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలలో ఇండ్ల మధ్య నీరు రోజుల తరబడి నిలిచింది. మా ఆలయం నుండి పులిహోర పొట్లాలు పడవలలో వెళ్ళిన ఆ దినాలు నాకు బాగా జ్ఞాపకం.

మా సంకల్పం విని ఒక వృద్ధ భక్తుడు, "అయ్యగారూ, నిత్యం స్వామివారి సన్నిధిలో ఉండే మీకు కూడా బీమా కావాలా? ఆయన చూసుకోడా?" అని అడిగారు. అది పరిహాసం కాదు, నిజమైన సందేహం. దానికి సమాధానం తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో ఉన్నది. అధ్యయనం ముగించి గృహస్థాశ్రమంలో ప్రవేశించబోయే శిష్యునికి ఆచార్యుడు చేసే అనుశాసనంలో సత్యం విషయంలో, ధర్మం విషయంలో ఏమరుపాటు కూడదని చెప్పి, వెంటనే కుశలం విషయంలోనూ ఏమరుపాటు కూడదంటాడు. కుశలమంటే ఆత్మరక్షణార్థమైన కర్మ అని భాష్యకారుల వ్యాఖ్యానం. అనగా తనను, తనను ఆశ్రయించిన వారిని కాపాడుకొనే యత్నం శ్రుతి విధించిన కర్తవ్యం. బుద్ధినీ చేతులనూ ప్రసాదించినది ఆయనే అయినప్పుడు, వాటిని వినియోగించకుండా కూర్చోవడం శరణాగతి అనిపించుకోదు, ప్రమాదం అనిపించుకుంటుంది. సంస్కృతంలో ప్రమాదమంటే మొదటి అర్థం ఏమరుపాటే కదా!

ఇక వాస్తువు మాట. సింహద్వారం ఏ దిక్కున ఉండాలని నన్ను అడిగినవారు వందల సంఖ్యలో ఉంటారు. వర్షాకాలంలో నీరు ఏ దిక్కునుండి వస్తుందని అడిగినవారు ఒకరిద్దరు కూడా లేరు. వరాహమిహిరాచార్యుల బృహత్సంహితలో గుంత త్రవ్వి, నీరు నింపి, నూరడుగులు నడిచి వచ్చి ఆ నీరు ఎంత నిలిచిందో చూడవలెనన్న భూపరీక్ష ఉన్నది. భూమి వాలును పరీక్షించే విధానమూ ఉన్నది. పూర్వులు మట్టినీ నీటినీ పరిశీలించిన తరువాతనే దిక్కులను గణించారు. మనం మొదటిదానిని విడిచి రెండవదానిని మాత్రమే పట్టుకున్నాము.

అందుచేత మేము ఇండ్లను చూడడానికి వెళ్ళినప్పుడు పత్రాలతో తృప్తి పడలేదు. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ ఇంటి మీది అప్పును చెబుతుంది, ఇంటిలోకి వచ్చిన నీటిని చెప్పదు. ఒక ఇంటి యజమాని తమ వీధికి నీరే రాలేదన్నారు. గోడలకు మాత్రం ఛాతీ ఎత్తు వరకే క్రొత్త రంగు ఉన్నది. ఎదురింటి అరుగు మీద కూర్చున్న ఒక పెద్దమ్మను అడిగితే, "కిటికీ పైదాకా నిలిచాయి బాబూ, ఎనిమిది రోజులు," అన్నది. ఆ ఇంటి వెనుక గోడ ఏటి గట్టుకు ఆనుకొని ఉన్నది. ప్రవాహమార్గంలోని కట్టడం చౌకగా వచ్చినా అది ఏటి సొత్తే. బీమా పత్రం ఆక్రమణను ధర్మబద్ధం చేయజాలదు. మరొక వీధిలో, ఏటికి దూరంగా, ఎత్తైన పునాది మీద ఉన్న చిన్న డాబా ఇంటివారు, "మోకాలి లోతు వచ్చిందండీ, మూడు రోజులున్నది," అని తామే చెప్పి, గోడమీద నీరు విడిచిన గీతను చూపించారు. ఆ గీతయే మమ్ములను ఆ ఇంటికి ఒప్పించింది.

తరువాత బీమా. నివాసగృహాల కొరకు 2021 ఏప్రిల్ 1 నుండి సాధారణ బీమా సంస్థలన్నీ ఒకే విధమైన నిబంధనలతో 'భారత్ గృహ రక్ష' పాలసీని ఇస్తున్నాయి. అగ్నిప్రమాదం, తుఫాను, భూకంపాలతో పాటు వరద ముంపు కూడా అందులో అంతర్భాగమే. బీమా మొత్తాన్ని తిరిగి కట్టుకోవడానికయ్యే వ్యయాన్ని బట్టి నిర్ణయిస్తారు, స్థలం వెల అందులో చేరదు. కట్టడానికి బీమా చేస్తే, ఆ మొత్తంలో 20 శాతం వరకు, 10 లక్షల రూపాయలకు మించకుండా, ఇంటి సామగ్రికి కూడా రక్షణ లభిస్తుంది. ఆభరణాలకు వేరుగా చేయించుకోవాలి. ఒక భ్రాంతిని మాత్రం తొలగించుకోవలెను. గృహఋణంతో పాటు ఇచ్చే బీమా అనేక సందర్భాలలో ఋణగ్రస్తుని ప్రాణానికి సంబంధించినది, గోడలకు కాదు. పత్రం చదివి తెలుసుకోవాలి.

దరఖాస్తులో పూర్వం జరిగిన నష్టాన్ని గురించి ఒక ప్రశ్న ఉన్నది. వచ్చిన ప్రతినిధి మంచి యువకుడే. మా మేలు కోరే, "గురువుగారూ, అక్కడ లేదని వ్రాసేయండి, ప్రీమియం పెరుగుతుంది," అన్నాడు. అశ్వత్థామ మరణవార్తను అర్ధసత్యంగా పలికిన క్షణంలో, అంతవరకు భూమికి నాలుగంగుళాల ఎత్తున నడిచిన ధర్మరాజు రథం నేలను తాకిందని మహాభారతం చెబుతున్నది. బీమా ఒప్పందం ఉభయుల పరమ విశ్వాసం మీద నిలిచేది. దాచిన విషయం బయటపడితే నష్టం వచ్చిన నాడే పరిహారం నిరాకరింపబడవచ్చు. ధర్మశాస్త్రమూ వ్యవహారశాస్త్రమూ ఇక్కడ ఒక్క మాటే చెబుతున్నాయి. మోకాలి లోతు, మూడు రోజులు అని వ్రాశాను. సంస్థవారు ఇంటిని పరిశీలించి, కొంత అధికంగా ప్రీమియం కోరి, అంగీకరించారు. ఏడాదికి అది మా నెల పాల ఖర్చును మించలేదు.

నష్టం రాకపోతే ఆ ధనం వృథా కాదా అని కొందరంటారు. యజ్ఞంలో అందరూ హవిస్సు సమర్పిస్తారు. వర్షం ఎవరి చేనులో కురిసినా అది అందరి ఫలమే. మేము చెల్లించిన ధనం మరొకరి పడిపోయిన గోడను నిలబెడితే అది దానతుల్యం. ఫలం రాకూడదని ప్రార్థిస్తూ చేసే వ్యయం గృహస్థునికి బహుశః ఇదొక్కటే.

అయితే బీమాకు ఒక ఎల్ల ఉన్నది. ఆ పాలసీ సాధారణంగా వర్తించని వస్తువుల జాబితాలో వ్రాతప్రతులు కూడా ఉన్నాయి. మా తాతగారు స్వహస్తంతో స్వరసహితంగా వ్రాసిన తైత్తిరీయ సంహిత మా ఇంటిలో ఉన్నది. దానికి వెల కట్టే సర్వేయరు లేడు. అందుచేత నా ధర్మపత్ని గృహప్రవేశం నాడు పాలు పొంగించక ముందే దానిని పట్టుగుడ్డలో చుట్టి అటక మీద పదిలపరచింది. అంతకంటే మేలైన రక్షణగా, ప్రతి సాయంకాలం నా మనుమనికి ఒక్కొక్క పనస కంఠస్థం చేయిస్తున్నాను. కంఠంలో చేరినదానిని ఏ ఏరూ తడపలేదు.

కావున గృహం కొనబోయే సజ్జనులు నీటి గీతను వెదకండి, ఇరుగుపొరుగు వృద్ధులను అడగండి, దరఖాస్తులో సత్యం వ్రాయండి. వరద వస్తే తడిసిన వస్తువులను పారవేయక ముందే సంస్థకు తెలిపి, చిత్రాలు తీసి, సర్వేయరు వచ్చే వరకు ఉంచండి. పాలసీ ప్రతిని మరొక ఊరిలోని బంధువుల వద్ద కూడా ఉంచండి. చేయదగినదంతా చేసిన పిమ్మట మిగిలిన భారాన్ని స్వామి పాదాలపై ఉంచి నిశ్చింతగా నిద్రించండి. ఆయన అభయం అప్పుడే మనకు అర్థమవుతుంది.

శుభమస్తు.