హద్దురాళ్లు

మా బాబాయి తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్టు గుమాస్తా. అంతకుముందు కొల్లేట్లో చేపల చెరువుండేది. 2006లో ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు తెంపినప్పుడు అదీ పోయింది. కొల్లేరు బతకాలంటే తప్పదు కదా అని నేను తేలిగ్గా అనేసేవాణ్ణి. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన ఆ గీతని ఆయన కంటితో చూసిందే లేదు. ఆయనకి తెలిసిన హద్దు ఓ తాటిచెట్టు.

ఈమధ్య ఆ చోటు చూడాలన్నాడు. రైల్లో ఏలూరు వెళ్లి, కైకలూరు రోడ్డు పట్టుకున్నాం. తాటిచెట్టు లేదు. ఎటు చూసినా నీళ్లు, కిక్కిస, గుర్రపుడెక్క. "ఇక్కడేరా... కాదు, అటు." పాత ఉపగ్రహ చిత్రంలో గట్టు గుర్తుపట్టి అంకెలు రాసుకెళ్లాను. ఫోన్ చూస్తూ ఓ చోట ఆగాను.

"దీనికెలా తెలిసింది?"

ఉపగ్రహాలు చెప్తాయన్నాను. కానీ వాటి కింద భూమి ఎంత తిరిగిందో కచ్చితంగా తెలియాలి. మిల్లీసెకను తప్పితే భూమధ్యరేఖ దగ్గర 46 సెంటీమీటర్ల తేడా.

"మూరెడు," అన్నాడు. గట్ల తగాదాలు చూసినవాడు.

అందుకే ఆకాశంలో హద్దురాళ్లు పాతుకున్నారు. ముందు నక్షత్రాలనే అనుకున్నారు గానీ, అవి మెల్లగా జరుగుతాయి. 1998 నుంచి లెక్క క్వేజార్లది. వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతలి గెలాక్సీల నడిబొడ్డులవి. వేల కిలోమీటర్ల ఎడంలో ఉన్న రేడియో డిష్షులు ఒకే క్వేజార్‌ని వింటాయి. ఆ సంకేతం దేనికి ముందు చేరిందో, దేనికి ఎంత ఆలస్యంగా చేరిందో అణుగడియారాలతో కొలుస్తారు. భూమి ఎంత తిరిగిందో అందులోంచి తేలుతుంది. 2019 నుంచి వాడుతున్న జాబితాలో అలాంటి ముఖ్యమైన రాళ్లు 303.

"అవి మాత్రం కదలవా?"

"కదుల్తాయి బాబాయ్. పొద్దున రైల్లో చూశావుగా, పట్టాల పక్క కొబ్బరిచెట్లు వెనక్కి పరిగెత్తాయి, దూరంగా ఉన్నవి నిలబడ్డట్టే ఉన్నాయి. అంతే."

కాసేపు మాట్లాడలేదు. "అంటే దగ్గరున్న దేన్నీ హద్దుగా పెట్టుకోకూడదన్నమాట."

నా దగ్గర జవాబు లేదు. ఫోన్ ఆయన చేతిలో పెట్టాను. నీలం చుక్క చుట్టూ పలచటి వలయం ఉంది. అదేంటన్నాడు. మనం ఆ లోపల ఎక్కడైనా ఉండొచ్చని దానర్థం అని చెప్పాను.

బాబాయి వలయాన్నీ నీళ్లనీ మార్చి మార్చి చూశాడు.

"అయితే తాటిచెట్టు ఇందులో పడుతుందిలే," అన్నాడు.