పాత కుట్టు మీద మాయ

నెల తొమ్మిదో తారీకు. 2016 నుంచి దేశమంతటా సర్కారు దవాఖానాల్లో ఆ రోజు గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు చేస్తున్నారు. కరీంనగర్ జిల్లాలో నేను వెళ్లిన దవాఖానలో ఎనిమిదిన్నరకే బెంచీలన్నీ నిండిపోయాయి. ముప్పున్నవాళ్ల కార్డు మీద ఎర్ర స్టిక్కర్ అంటిస్తోంది నర్సమ్మ.

డాక్టరమ్మ బీపీ చూడకముందే అడుగుతున్న మాట ఒకటే: "ముందటి కాన్పు ఆపరేషనా?" ఆ తర్వాత, మధ్యలో కడుపు పోయిందా, క్లీనింగ్ చేయించారా, కవలలా, వయసు ముప్పై ఐదు దాటిందా. మాయ కింది భాగంలో అంటుకుని గర్భసంచి మూతికి అడ్డం పడటానికి ఇవన్నీ దారులే.

ఐదో నెలలో మాయ కిందికుందని రిపోర్టు వచ్చి ఏడుస్తున్న పిల్లకు ధైర్యం చెప్పి పంపారు. నెలలు నిండేసరికి చాలామందికి పైకి జరుగుతుంది. బీపీ ఎక్కువున్నామెకు మాత్రం గట్టిగా చెప్పారు: కడుపు రాయిలా బిగిసి నొప్పి లేస్తే మాయ ముందే ఊడుతున్నట్టు, 108కి ఫోన్ చెయ్యాలని.

తర్వాత వచ్చినామెకు ఎనిమిదో నెల, మూడో కాన్పు. పాలిథిన్ కవర్లోంచి పాత కాగితాలు తీసింది. రెండూ ఆపరేషన్లే. మాయ ఇప్పుడు సరిగ్గా ఆ కుట్టు మీదే ఉంది. డాక్టరమ్మ చీటీ వెనక బోర్లించిన కుండ బొమ్మ గీసి, మూతి దగ్గర పెన్ను అటూ ఇటూ రుద్దారు. "కోత పడ్డచోట పొర పలచబడ్తది. మాయ వేర్ల లెక్క లోపలికి దిగుతది. కాన్పయినంక ఊడిరాదమ్మా, రక్తం ఆగదు. ఒక్కోసారి సంచే తియ్యాల్సొస్తది." రెండు ఆపరేషన్లయి మాయ అడ్డం పడ్డవాళ్లలో నూటికి 40 మందికి ఇలా అతుక్కుపోయినట్టు 2006లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం తేల్చింది.

ఆ బొమ్మ చూస్తుంటే నా గుండె జారింది. మా చెల్లి మొదటి కాన్పు ఆపరేషన్‌కు ముహూర్తం పెట్టించింది నేనే. రేపటి కాన్పు సంగతి ఆనాడు మాలో ఎవరమూ అడగలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే. అవసరానికి చేసిన కోత ప్రాణం నిలుపుతుంది, కాదనను. తిథి కోసం, నొప్పుల భయం కోసం చేయించేది తప్పని ఇప్పుడు గట్టిగా అంటాను.

ఆ మూడో కాన్పామెను వరంగల్ పెద్దాసుపత్రికి రాశారు. ముందే వెళ్లి చేరాలి, రక్తం సిద్ధంగా ఉండాలి. చీటీ పైన ఎర్ర పెన్నుతో బి నెగెటివ్ అని రాసి కింద రెండు గీతలు గీశారు. ఆమె భర్త వరండాలోకి వచ్చి ఫోన్ కలిపాడు.

"అన్నా, నీ రక్తం ఏ గ్రూపే?"