కాపలా నిద్రపోతే

నొప్పి లేకపోతే రోగం లేదని మనవాళ్ళకొక గట్టి నమ్మకం. బోదకాలు విషయంలో ఆ నమ్మకమే కొంప ముంచుతుంది.

ఆయుర్వేదం శ్లీపదమన్న ఈ జబ్బుకు మూలం ఉకరేరియా అనే దారపుపోగులాంటి పురుగు. దాన్ని మోసుకొచ్చేది మురుగ్గుంటల్లో పెరిగే క్యూలెక్స్ దోమ. పెద్దపురుగులు మన శోషరసనాళాల్లో ఏళ్ళతరబడి కాపురముండి లక్షల పిల్లల్ని కంటాయి. ఆ పిల్లలు పగలు ఊపిరితిత్తుల్లో దాగి, రాత్రి పొద్దుపోయాక నెత్తుటిలో తిరుగుతాయి. క్యూలెక్స్ కుట్టేదీ ఆ వేళకే.

ఇంటినిండా దొంగలు పడితే కాపలావాళ్ళేం చేస్తున్నారని మీరడగవచ్చు. నిద్రపోతున్నారు! అదీ పురుగు జోకొట్టిన నిద్ర. నెత్తుటినిండా పురుగుపిల్లలున్న మనిషికి చాలాసార్లు జ్వరమూ ఉండదు, వాపూ ఉండదు. శత్రువును పోల్చుకుని తిరగబడవలసిన టి కణాలు ఈ పురుగు దగ్గర చతికిలబడతాయి. పోరును చల్లార్చే ఇంటర్‌ల్యూకిన్-10 వంటి పదార్థాలు ఎక్కువగా ఊరతాయి. మనిషి గుండ్రాయిలా తిరుగుతూంటాడు. అతన్ని కుట్టిన దోమ పక్కింటికి పోతుంది.

కాలు వాచినవారి కథ వేరు. వారిలో దేహం పురుగుతో పోరాడుతుంది. ఆ పోరులో నాళాలు చెడతాయి. వారి నెత్తుటిలో మాత్రం పురుగుపిల్లలు తరచు కనబడనే కనబడవు.

మా మేనత్త జీవితమంతా వాపుకాలిని చీరకుచ్చెళ్ళలో దాచుకుని, పెళ్ళిపందిళ్ళలో వెనక వరసన కూర్చుంది. ఆవిడ పక్కన పడుకుంటే అంటుకుంటుందని పిల్లల్ని లాక్కుపోయేవారు. జబ్బు నిజంగా పంచగలవాళ్ళు, బహుశా, ముందు వరసన తాంబూలాలు అందుకుంటూండేవారు.

అందుకే 2004 నుంచి మనదేశంలో ఈ జబ్బున్న జిల్లాల్లో రెండేళ్ళలోపు పిల్లలకూ, గర్భిణులకూ, బాగా జబ్బుపడ్డవారికీ తప్ప అందరికీ మాత్రలివ్వసాగారు. మొదట డి.ఇ.సి., తర్వాత దానికి తోడు ఆల్బెండజోల్.

మా వీధికి మాత్రలు తెచ్చిన అమ్మాయితో పొరుగింటి రిటైర్డు తహసీల్దారుగారు, "నా కాళ్ళు చూడమ్మా, కర్రల్లా ఉన్నాయి. నాకెందుకు?" అన్నారు.

"కాళ్ళు బాగున్నవాళ్ళ కోసమే తెచ్చానండీ," అందా అమ్మాయి.

ఆయన మారుమాట లేకుండా మింగారు. మింగాక కొందరికి తలనొప్పో, జ్వరమో వస్తుంది. పురుగులు చస్తూంటే దేహం మేలుకున్న గుర్తది. తహసీల్దారుగారికీ ఆ రాత్రి ఒళ్ళు వెచ్చబడింది.

మర్నాడు పొద్దున్నే వాళ్ళావిడ మా గుమ్మంలో నిలబడి, "మాత్రలమ్మాయి మళ్ళీ ఎప్పుడొస్తుందో కనుక్కోండి మాస్టారూ, మా అబ్బాయి నిన్న ఊళ్ళో లేడు," అంది.