క్లచ్ మీద పాదం

సార్వా కోతలు అయిపోయాయి, దాళ్వా నారుమళ్ళు పోసేశాం. రెండు రోజులు కాస్త తీరిక దొరికింది. మొన్న నారు గురించి రాస్తే చాలామంది ఫోన్ చేశారు. ఇవాళ ఎరువులూ మందులూ కాదండి, ట్రాక్టర్ క్లచ్ గురించి. చాన్నాళ్ళుగా కడుపులో ఉన్న మాట ఇది. మా పెద్దోడు కూడా ఈ పేజీ చదువుతాడు, చదవనీండి.

నాలుగేళ్ళ కింద సంగతి. కోత అయ్యీ అవ్వకుండానే వాన పట్టింది. బస్తాకి 75 కిలోలు, అలాంటివి 60 బస్తాలు ట్రక్కుకెత్తి పుంతలోకి దించాం. పుంత సంగతి మీకు తెలిసిందే కదా, పైకి గట్టిగా కనబడుతుంది, కింద పాయసం. సగం దూరం వచ్చేసరికి ట్రక్కు చక్రాలు ఇరుసు దాకా దిగబడిపోయాయి. ట్రాక్టర్ మీద మా పెద్దోడు. అప్పటికి వాడికి 22 ఏళ్ళు. నేను ముందు నిలబడి చేతులు ఊపుతున్నాను. పైన మబ్బు, కింద ధాన్యం, వెనక ఇంకో రెండు ట్రక్కులు దారి కోసం హారన్లు. ఆ టైములో మనిషికి బుర్ర ఎక్కడ పనిచేస్తుంది చెప్పండి.

పిన్ను తీసేసి ట్రాక్టర్ని కాస్త గట్టి నేల మీదికి తెచ్చి, గొలుసుతో లాగుదాం అన్నాను. కింద హుక్కు అంతా బురదలో ఉంది. వంగి బురదలో చెయ్యి పెట్టడానికి బద్ధకించి గొలుసు తీసుకెళ్ళి పైన, టాప్ లింకు తగిలించే చోట కట్టాను. కట్టింది నేనే, వాడు కాదు. ఇది గుర్తుపెట్టుకోండి.

"రేజ్ చెయ్యరా, క్లచ్ ఒక్కసారే వదిలెయ్" అని అరిచాను. వాడు నెమ్మదిగా వదలబోతే మళ్ళీ అరిచాను, "ఆడదానిలా ఏంట్రా, వదిలెయ్!" అని. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. మా ఇంట్లో ఆడవాళ్ళు నాకన్నా నిదానంగా, తెలివిగా పని చేస్తారు.

వాడు వదిలేశాడు. గొలుసు బిగుసుకుంది. ట్రక్కు అంగుళం కదల్లేదు. ట్రాక్టర్ ముందు చక్రాలు లేచాయి. నా మోకాలి ఎత్తు, నా ఛాతీ ఎత్తు, ఆ తర్వాత నాకు బానెట్ కింది భాగం, ఆయిల్ ఛాంబరు కనబడ్డాయి. వాడి మొహం కనబడలేదు. నోట్లోంచి మాట రాలేదు నాకు. అంతలోనే దబ్బున కింద పడింది. వాడు క్లచ్ తొక్కేశాడు.

ముందు ఇరుసు దెబ్బ తింది, స్టీరింగు రాడ్డు వంగింది. మెకానిక్ షెడ్డుకి తోలితే క్లచ్ ప్లేటు కూడా కాలిపోయిందన్నాడు, ముందు చేసిన లాగుళ్ళకి. అంతా కలిపి 21,000 అయింది. అందరి ముందూ వాణ్ణి "చేతకానోడివి" అన్నాను. వాడు తిరిగి ఒక్క మాట అనలేదు. ఆ దాళ్వా అంతా ట్రాక్టర్ ముట్టుకోలేదు, దమ్ముకి అద్దె ట్రాక్టర్ పెట్టుకున్నాం.

మరుసటి ఏడు మా ఆవిడ కంటి ఆపరేషన్‌కి చెన్నై వెళ్ళాం. మా అక్క కొడుకు అక్కడ శ్రీపెరంబుదూరు దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పని. ఆదివారం నాడు "మావయ్యా, నీకో తమాషా చూపిస్తా రా" అని ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కి తీసుకెళ్ళాడు. డ్రాగ్ రేసంట. మలుపులుండవు, తిన్నని రోడ్డు. దూరం పావు మైలు, అంటే 402 మీటర్లు. మన ఊళ్ళో గుడి దగ్గర్నుంచి చెరువు గట్టు దాకా ఉంటుందేమో. ఇంత దానికి ఇంత హడావుడా అనుకున్నాను.

కాసేపు చూశాక అర్థమైంది, పందెం అంతా మొదటి పది గజాల్లోనే ఉందని. గీత దగ్గర రోడ్డుకి అడ్డంగా సన్నని లైటు కిరణాలుంటాయి. ముందు చక్రం ఆ కిరణానికి అడ్డు వచ్చేలా బండిని అంగుళాల లెక్కన జరిపి ఆపుతారు. స్తంభం మీద పసుపు దీపాలు, తర్వాత పచ్చ. ముందే కదిలితే ఎర్ర దీపం, ఓడినట్టే. ఇంకో విచిత్రం, బండి పరుగు టైము పచ్చ దీపంతో మొదలవ్వదంట. చక్రం ఆ కిరణం దాటినప్పుడు మొదలవుతుంది. దీపం చూసి కదలడానికి పట్టిన టైము వేరే లెక్క. కొందరైతే పరుగుకి ముందు టైర్లని ఉన్నచోటే గిర్రున తిప్పి పొగ లేపుతున్నారు. రబ్బరు వేడెక్కితే నేలని పట్టుకుంటుందంట. మనమైతే టైరు అరిగిపోయిందని వారం రోజులు ఏడుస్తాం.

గేర్ల కార్లు తోలే కుర్రాళ్ళని చూస్తూ కూర్చున్నాను. ఒకడు ఇంజన్ని గట్టిగా రేజ్ చేసి క్లచ్ ఠక్కున వదిలాడు. ముందు చక్రాలు అక్కడే గిర్రున తిరిగాయి, కీచుమని అరుపు, పొగ, బండి మాత్రం కదల్లేదు. పక్కోడు వెళ్ళిపోయాడు. ఇంకొకడు భయపడి రేజ్ తక్కువ పెట్టి వదిలాడు. ఇంజను ఉక్కిరిబిక్కిరై కుంటుకుంటూ వెళ్ళింది. మరొకడు మరీ మెల్లగా వదిలాడు, కాలిన వాసన మా దాకా వచ్చింది. ఆ వాసన నాకు పరిచయమే, 21,000 వాసన.

నాలుగోవాడొకడు ఉన్నాడు, సన్నగా కళ్ళజోడు పెట్టుకుని. రేజ్ ఒకే మోత మీద నిలిపాడు. పచ్చ పడగానే పాదం సగం వదిలాడు. క్లచ్ పట్టుకునే చోటు ఉంటుంది చూడండి, బండి ముక్కు కాస్త వణికే చోటు, అక్కడ రెప్పపాటు ఆపాడు. చక్రం నేలని పట్టాక మిగతాది వదిలాడు. మోత కూడా పెద్దగా లేదు, బండి మాత్రం బాణంలా పోయింది.

మా మేనల్లుడు అప్పుడు చెప్పాడు. బండి ముందుకు దూకేటప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది మావయ్యా అని. ఈ కార్లకి లాగే చక్రాలు ముందున్నాయి కాబట్టి, ముందు తేలికైపోయి చక్రాలు జారతాయి. వెనక చక్రాలతో లాగే బండికైతే బరువు వాటి మీదే పడుతుంది, పట్టు పెరుగుతుంది. మరీ బలమైన రేసు బండ్లకి ముందు లేచిపోకుండా వెనక చిన్న చక్రాలున్న కడ్డీలు కూడా పెడతారంట.

నేను అడిగాను, "మరి వెనక చక్రాలు జారవు, ముందుకీ పోవు, అప్పుడు?" అని.

వాడు నవ్వాడు. "ఇంజను బలం ఎక్కడికో పోవాలిగా మావయ్యా. చక్రం తిరక్కపోతే బండే ఇరుసు చుట్టూ తిరుగుతుంది" అన్నాడు.

నాకు ఒళ్ళు చల్లబడింది. పుంతలో కనబడిన ఆయిల్ ఛాంబరు కళ్ళ ముందుకి వచ్చింది. గొలుసు కింద హుక్కుకి కడితే లాగుడు ముందు చక్రాల్ని నేలకి అదిమే ఉంచుతుంది. ఇరుసు కన్నా పైన కడితే అదే లాగుడు ట్రాక్టర్ని వెనక్కి వంచుతుంది. దానికి తోడు ఫస్ట్ లో గేరు, ఫుల్ రేజు, క్లచ్ ఒక్కసారే వదలడం. ట్రాక్టర్ అలా వెనక్కి తిరగబడటానికి సెకనున్నర కూడా పట్టదంట. అందులో సగం టైము దాటాక క్లచ్ తొక్కినా లాభం లేదంట. మావాడు ఆ సగం లోపల తొక్కాడు. నేను వదిలెయ్ అని అరిచినా వాడు పాదం పెడల్ మీంచి తియ్యలేదు కాబట్టే తొక్కగలిగాడు. నా మాట పూర్తిగా వినలేదు కాబట్టి బతికాడు. వాణ్ణే నేను చేతకానోడన్నాను.

ఇంటికొచ్చాక ఈ మాట చెబుదామని మూడేళ్ళ నుంచి అనుకుంటున్నాను. అన్నం తినేటప్పుడు అనుకుంటాను, వాడు ఫోన్ చూస్తుంటాడు. చేలో అనుకుంటాను, ఎవరో ఒకరు వస్తారు. తండ్రులం కదా, తిట్టడానికి దొరికినంత తేలిగ్గా ఈ మాటలు నోటికి దొరకవు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఒరే నాన్నా, ఆ రోజు తప్పు నాది. గొలుసు కట్టింది నేను, అరిచింది నేను.

మీలో ఎవరికైనా ట్రక్కు దిగబడితే దయచేసి ఇలా చెయ్యండి. ముందు బస్తాలు దించండి, నలుగురు కూలీల ఖర్చు స్టీరింగు రాడ్డు కన్నా తక్కువే. చక్రం ముందు మట్టి తవ్వి గడ్డి, కంప వెయ్యండి. చేతులు బురదైనా సరే గొలుసు కింద హుక్కుకే కట్టండి. రేజ్ తక్కువలో ఉంచి, క్లచ్ పట్టే చోట ఆగి, గొలుసు బిగిశాక మిగతాది వదలండి. ఒక చక్రమే గిర్రున తిరుగుతుంటే డిఫరెన్షియల్ లాక్ తొక్కండి, కానీ అది పడి ఉండగా స్టీరింగు తిప్పొద్దు. ముందు చక్రం బెత్తెడు లేచినా క్లచ్ తొక్కెయ్యాలి, ఇంకోసారి చూద్దాం అనొద్దు. గొలుసు దగ్గర ఎవర్నీ నిలబడనివ్వొద్దు, తెగితే కొరడాలా తగులుతుంది. నిటారు గట్టు ఎక్కించాలంటే ఖాళీ ట్రాక్టర్ని రివర్సులో ఎక్కించండి.

ఇంకో మాట. లాగేటప్పుడు పాదం పెడల్ మీద సిద్ధంగా ఉంచమన్నాను కదా అని రోడ్డు మీద కూడా క్లచ్ మీద కాలు ఆనించి తోలేరు. దానివల్ల రిలీజ్ బేరింగూ ప్లేటూ రెండూ పోతాయి. మా బాబాయి ఒకాయన ముప్ఫై ఏళ్ళుగా అలాగే తోలుతున్నాడు, ప్రతి రెండేళ్ళకీ కంపెనీని తిడతాడు.

మొన్న కోతల్లో అదే పుంతలో మళ్ళీ దిగబడ్డాం. ఈసారి ట్రాక్టర్ మీద నేను, ముందు మావాడు. నేను గొలుసు తియ్యబోయేసరికి వాడప్పటికే మోచేతి దాకా బురదలో పెట్టి కింద హుక్కుకి తగిలిస్తున్నాడు. లేచి చెయ్యి లుంగీకి తుడుచుకుని, "మెల్లగా నాన్నా, పాదం తియ్యకు" అన్నాడు. సరే అన్నాను. మూడో లాగుడికి బయటికొచ్చింది.

దమ్ము మొదలయ్యేలోపు క్లచ్ పెడల్ ఫ్రీ ప్లే ఒకసారి చూపించుకోవాలి. మెకానిక్ ఎల్లుండి వస్తానన్నాడు.