మొగల్తూరు గట్ల మీద నేటి గూడుబండి

మొగల్తూరు అనగానే బయటివారికి సినిమా నటులు గుర్తుకువస్తారు. నరసాపురం వైపు నుండి వచ్చేవారికి మాత్రం ముందుగా కనిపించేవి రొయ్యల చెరువులు, వాటిలో నురగలు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లు, గట్ల పొడవునా కొబ్బరిచెట్లు. ఇక్కడ దారి అంటే చాలాచోట్ల కాలువకూ చెరువుకూ నడుమనున్న మట్టిగట్టే. ఎదురుగా మేత బస్తాల ఆటో వస్తే ఎవరో ఒకరు వెనక్కి తగ్గవలసిందే. వాన కురిసిందంటే ఆ ఒండ్రుమట్టి చక్రాన్ని పట్టుకొని వదలదు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండిని ఈ నేల మీద విలాసమని తేలికగా అనలేము.

గత జనవరిలో మేము ఆ ఊరు వెళ్ళినది అటువంటి బండిని చూడటానికే. మా వద్ద ఖుర్‌ఆన్ కంఠస్థం చేసిన ఒక యువకుడు ఇప్పుడు అక్కడ చెరువులు సాగు చేస్తున్నాడు. అతడు పాత ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్ పికప్ ఒకటి కొన్నాడు. ముందు ఐదుగురు కూర్చునే క్యాబిన్, వెనుక సరుకు వేసుకునే బాడీ. ఇది పరదేశపు పేరే గాని, తయారయ్యేది మన రాష్ట్రంలోనే. శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన కర్మాగారం నుండి ఈ బళ్ళు వస్తున్నాయి. వారమంతా మేత బస్తాలు, వలలు, డీజిలు డబ్బాలు మోయాలి. సెలవు దొరికితే తల్లినీ, భార్యనూ, ఇద్దరు పిల్లలనూ తీసుకొని ఎక్కడైనా రాత్రి బస చేయాలి. అతని కోరిక ఇంతే.

పూర్వం మన పెద్దలు గూడుబండి కట్టుకొని, బియ్యం, దుప్పట్లు వేసుకొని వెళ్ళి, రాత్రి దాని కిందనే నిద్రించేవారు కాదా? తబ్లీగ్ జమాఅత్‌లో వెళ్ళే సోదరులు నేటికీ పొయ్యి, పరుపు వెంట తీసుకువెళతారు. కాబట్టి ఈ కోరికలో మాకు వింత ఏదీ తోచలేదు. వింతగా తోచింది అతడు వీడియోలు చూసి రాసుకున్న జాబితా. బండిని మూడంగుళాలు పైకెత్తే కమాను కట్టలు, పెద్ద టైర్లు, ముందు ఉక్కు బంపరు, పైకప్పు మీద గుడారం, నూట ఇరవై లీటర్ల నీళ్ళ ట్యాంకు, కళ్ళు చెదిరే దీపాల వరుస.

మొదటి అంశాన్ని కొట్టివేసినది అతని తల్లి. ఆమెకు మోకాళ్ళ నొప్పి. బండి ఉన్న ఎత్తుకే ఆమెకు చేయి అందించవలసి వస్తున్నది. "ఇంకా పైకెత్తితే మీరే వెళ్ళండి, నేను ఇంట్లోనే ఉంటాను" అన్నదట. తల్లిని ఎక్కించుకోలేని బండికి కుటుంబ వాహనమనే పేరెట్లా? ఎత్తు పెరిగిన కొద్దీ భారం పైకి చేరుతుంది, మలుపులో బండి ఒరుగుతుంది. కాలువ గట్టు మీద ఒరగడమంటే ఏమిటో ఈ ప్రాంతం వారికి మేము చెప్పనక్కరలేదు. పైకప్పు గుడారం కూడా ఈ కారణంతోనే పోయింది. దాని బరువు యాభై, అరవై కిలోలు. అది ఉండేది అన్నిటికంటే పైన.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో సరిపడకుండా పోయేలా యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఉక్కు బంపర్లపై చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. అవి పాదచారికి మరింత గాయం చేస్తాయి, ఎయిర్‌బ్యాగు సకాలంలో తెరుచుకోకుండా అడ్డుపడవచ్చు. మన రక్షణ కోసం దారిన పోయేవాని ఎముకలు విరిచే వస్తువును ఏ ఫిఖ్హ్ పుస్తకం సమర్థిస్తుందో మాకు తెలియదు.

నీటి లెక్క మాత్రం మా విద్యకు సంబంధించినది, కాబట్టి కాస్త నిలిచి చెబుతాము. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని హదీసుల్లో ఉన్నది. అంటే దాదాపు లీటరుకు మించదు. ఐదుగురు ఐదు పూటలు వుజూ చేసినా రోజుకు ఇరవై ఐదు లీటర్లు. లీటరు నీరు కిలో బరువు. నూట ఇరవై లీటర్లంటే బాడీలో ఇద్దరు మనుషులను అదనంగా పడుకోబెట్టినట్లే. పైగా సముద్రతీరంలో ఆ ఇరవై ఐదు కూడా అవసరం లేదు. తాగునీరు కొద్దిగానే ఉండే నావికులు సముద్రపు నీటితో వుజూ చేయవచ్చునా అని అడిగినప్పుడు, ఆ నీరు పరిశుద్ధపరచేదేనని దైవప్రవక్త (స) చెప్పిన హదీసు ప్రసిద్ధమే. ఈ మాట విని అతడు అరవై లీటర్ల ట్యాంకుతో సరిపెట్టి, దానిని క్యాబిన్ గోడకు ఆనించి బిగించాడు. బరువు వెనుక చక్రాల ఇరుసుకు ముందుండాలి, కిందుండాలి.

చిన్న ఫ్రిజ్ విషయంలో మొదట మాకు ఇస్రాఫ్ (దుబారా) అనిపించి, అడిగాము. "అమ్మీ ఇన్సులిన్ దాని కోసమే, హజ్రత్" అన్నాడు. వేసవిలో ఈ డెల్టాలో మూసిన బండి లోపలి వేడి ఎంతో ఎరిగినవారం, మారు మాట్లాడలేదు. దానికై వేరే బ్యాటరీ పెట్టాడు. పన్నెండు వోల్టుల, వంద ఆంపియర్-అవర్ లెడ్ బ్యాటరీలో సగమే వాడుకోవడం మేలు. అంటే ఆరు వందల వాట్-అవర్. నలభై ఐదు వాట్ల ఫ్రిజ్ సగం సేపు నడిచినా రోజుకు ఐదు వందల నలభై తీసుకుంటుంది. ఒక పగలు, ఒక రాత్రి గడుస్తాయి. మరునాడు ఇంజను నడిస్తే మళ్ళీ నిండుతుంది.

మిగిలినవి చవక పనులు. కంపెనీ చెప్పిన కొలతలోనే మట్టిదారికి పనికివచ్చే టైర్లు, తల్లి కోసం కిందికి అమర్చిన కాలిమెట్టు, గాలి పంపు, పార, లాగుడు తాడు. బాడీ పొడవు అయిదడుగులకు మించదు కాబట్టి, వెనుక తలుపు వాల్చి దాని మీదికి చాచే ప్లైవుడ్ బల్ల ఒకటి. పైన తీసివేయదగిన టార్పాలిన్. సోమవారం నాడు నాలుగు బోల్టులు విప్పితే మళ్ళీ మేత బస్తాలకు చోటు సిద్ధం.

ఆ సాయంత్రం వారితో కలిసి పేరుపాలెం వెళ్ళాము. ఇసుకలోకి దిగేముందు అతడు టైర్ల గాలి సగానికి దగ్గరగా తగ్గించాడు. టైరు వెడల్పుగా పరుచుకుంటే ఇసుకలో కూరుకుపోదు. తిరిగి రోడ్డెక్కేటప్పుడు నింపాలి, లేకుంటే టైరు వేడెక్కి చెడుతుంది. అయితే తీరం అంచు వరకు పోనివ్వలేదు. జనవరి నుండి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ కోస్తా ఇసుకలో గుడ్లు పెడతాయి. బండి చక్రం కింద అవి దక్కవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి అత్యున్నత రక్షణ ఇచ్చింది. రాత్రి బస చేసేటప్పుడు దారిని విడిచి దిగాలని, అది జంతువుల, పురుగుల నడక దారియని దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. సరుగుడు తోట పక్కన, జాలర్ల పడవలకూ వలలకూ అడ్డురాని చోట బండి ఆపాము. ఖిబ్లా ఇక్కడ పడమరకు దాదాపు పధ్నాలుగు డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. టార్పాలిన్ నీడలో మగ్రిబ్ చదివాము. పిల్లలు ప్లైవుడ్ బల్ల మీదనే అన్నం తిని నిద్రపోయారు.

వుజూకు పనికివచ్చిన ఆ ఉప్పునీరే ఇనుముకు శత్రువు. మరునాడు బండి అడుగుభాగం కడగవలసి వచ్చినప్పుడు ఊరి బోరునీరు వద్దన్నాడు, అదీ ఉప్పగానే ఉన్నదట. గోదావరి కాలువ నీటితోనే కడిగించాడు. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు సముద్రం వైపు బండి తీయనని చెప్పాడు.

వచ్చే చలికాలంలో మారేడుమిల్లి వెళ్ళాలని వారి ఆలోచన. అది నలభై ఎనిమిది మైళ్ళకు ఎంతో మించిన దూరం గనుక ఊరి పొలిమేర దాటినప్పటి నుండి ఖసర్ వర్తిస్తుందని చెప్పాము. ఘాట్ రోడ్డు ఎక్కేముందు మనుషులు, నీళ్ళు, సామాను అన్నిటితో బండిని లారీల కాటా మీద తూచమన్నాము. రిజిస్ట్రేషన్ పత్రంలో రాసిన బరువుకు అది ఎంత దూరంలో ఉన్నదో చూసుకొని, మించితే ఏది దించాలో తల్లిని అడుగుతానన్నాడు.