అద్దాన్ని వెనక నుంచి చూడాలి

నా ఉద్యోగం సాఫ్టువేరు. అద్దాల బేరంతో నాకు జన్మలో పని పడుతుందనుకోలేదు. ఐతే మనకి కంప్యూటరు వచ్చని బంధువులకి తెలిసిన రోజు నుంచీ, రైలు టిక్కెట్ల దగ్గర్నుంచి పెళ్ళి సంబంధాల దాకా అన్నీ మన పనులే కదా! 2023 అక్టోబరులో ఓ ఆదివారం పొద్దున్నే సున్నిపెంట నుంచి మా మామ ఫోను.

"ఏమిరా అల్లుడూ, బాత్రూముల్లో అద్దాలన్నీ పాడైపోయినాయి. కార్తీకం వస్తాండాది. నంద్యాల్లో అడిగితే ఒకడు ఒక రేటు, ఇంకొకడు ఇంకో రేటు చెప్తాండారు. నువ్వు ఆ కంప్యూటర్లో చూసి హోల్‌సేల్లో తెప్పియ్యి."

సున్నిపెంట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. శ్రీశైలం డ్యాముకి 1963 జులైలో నెహ్రూ పునాదిరాయి వేశాడు. ఆ డ్యాము కట్టేవాళ్ళు ఉండడానికి అడవిలో పుట్టిన ఊరు ఇది. అప్పట్లో కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. ఇంజనీర్ల నుంచి రాళ్ళు మోసిన పాలమూరు కూలీల దాకా ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి చేరారు. పని అయ్యాక చాలామంది వెళ్ళిపోయారు, కొందరు ఉండిపోయారు. ఉండిపోయినవాళ్ళకి మల్లన్నే దిక్కు. శివరాత్రికీ, ఉగాదికీ (ఉగాదికి కన్నడిగులు వేలల్లో వస్తారు), కార్తీకానికీ కొండ మీద గదులు దొరక్కపోతే జనం సున్నిపెంటకి దిగుతారు. డ్యాము గేట్లెత్తితే చూడ్డానికొచ్చేవాళ్ళు సరేసరి. మా మామ లీజుకి తీసుకుని నడుపుతున్న లాడ్జీ అలాంటి జనం కోసమే. 22 గదులు.

సరే, పని మొదలెట్టా. మనమేమో లెక్కల మనుషులం. ఎక్సెల్ షీటు తెరిచా. సైజు 18 అంగుళాలు బై 24, అంటే మూడు చదరపు అడుగులు. కావలసినవి 26 (నాలుగు స్పేరు). ఏడుగురు సప్లయర్ల దగ్గర ధరలు తెప్పించా. ఒకాయన 640 అన్నాడు. ఇంకొకాయన, ఎక్కడో పరాయి రాష్ట్రంలో, 310 అన్నాడు. ఫొటోల్లో చూస్తే రెండూ ఒకటే! ఎందుకుండవు మరి? అద్దాన్ని ఫొటో తీస్తే ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది గానీ అద్దం కనిపించదు కదా. ఈ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. 310 వరసకి పచ్చరంగు పూసి, "మామా, నీకు 8,580 రూపాయలు మిగిల్చా" అని గొప్పగా చెప్పా.

సరుకు లారీలో నంద్యాల దాకా వచ్చింది. అక్కడినుంచి ట్రాలీ ఆటోలో ఆత్మకూరు, దోర్నాల మీదుగా ఘాటు రోడ్డెక్కి సున్నిపెంట చేరేసరికి నాలుగు పగిలాయి. అట్టపెట్టెల్లో పడుకోబెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి పంపారు. గాజు పలకని ఎప్పుడూ నిలబెట్టి తీసుకెళ్ళాలి, పడుకోబెడితే గతుకు పడ్డప్పుడల్లా మధ్యలో వంగి పుటుక్కుమంటుంది. ఇదీ నాకు తరవాత తెలిసిన జ్ఞానమే. పోనీలే, స్పేరు నాలుగూ పోయినా 22 గదులకీ సరిపోయాయి కదా అనుకున్నాం. వడ్రంగి వచ్చి సిలికాన్ ట్యూబుతో గోడలకి అతికించి పోయాడు. కార్తీకం బ్రహ్మాండంగా గడిచింది. 2024 శివరాత్రీ గడిచింది.

ఎండాకాలం అయ్యేసరికి అద్దాల అంచుల్లో నల్లటి మరకలు మొదలయ్యాయట. జులై నెలాఖర్లో డ్యాము గేట్లెత్తారు. గదులన్నీ నిండిపోయి, స్నానాల గదులు రోజంతా తడితడిగా ఉన్న ఆగస్టు రోజుల్లో, ఒక రాత్రి తొమ్మిదో నంబరు గదిలో అద్దం గోడ నుంచి ఊడి పడింది. అదృష్టం, ఆ టైములో లోపల ఎవరూ లేరు. పొద్దున్నే ఆ ముక్కలు ఎత్తుతుంటే, గదులు శుభ్రం చేసే పెద్దమ్మకి కుడి అరచెయ్యి తెగింది. ఐదు కుట్లు. బొటనవేలు పూర్తిగా ముడుచుకోవడానికి రెండు నెలలు పట్టింది.

మా మామ నన్నేమీ అనలేదు. ఆస్పత్రి ఖర్చూ, పనికి రాని రోజుల జీతమూ ఆయనే ఇచ్చాడు. "ఆయమ్మ చెయ్యి తెగిందిరా" అని మాత్రం ఫోన్లో చెప్పి ఊరుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. మా ఆఫీసులో ప్రొడక్షన్లో ఏదైనా పేలితే ఎవడు చేశాడో కనుక్కోడానికి పెద్ద మీటింగు పెడతాం. ఇక్కడ మీటింగు అక్కర్లేదు. పచ్చరంగు పూసింది నేనే.

ఆ వారాంతంలోనే సున్నిపెంట వెళ్ళా. పెద్దమ్మ చేతికి కట్టుతోనే వరండాలో కూచుని ఇంకొకామెకి పని చెబుతోంది. ఆమె అమ్మానాన్నలు డ్యాము పనికి పాలమూరు నుంచి వచ్చినవాళ్ళు, ఈమె ఇక్కడే పుట్టింది. ఎలా మొదలెట్టాలో తెలియక, "ఎట్లుంది పెద్దమ్మా?" అన్నా.

"చెయ్యి మానుతాది నాయనా. ఆ అద్దాలు మాత్రం మానవు. నేను ఉగాదప్పుడే చెప్పిన, ఎనక రంగు పొక్కుతాందని. ఎవరిన్నారు?"

నేను వినలేదు, ఎందుకంటే నాదాకా రాలేదు. నాదాకా ఎందుకు రాలేదంటే, అద్దాల గురించి అడగాల్సిన మనిషి ఈమె అని నాకు తోచనే లేదు. ఏడుగురు సప్లయర్లని అడిగా, మామని అడిగా. రోజూ 22 అద్దాలు తుడిచే మనిషిని అడగలేదు. వాడేవాణ్ణి అడక్కుండా సాఫ్టువేరు రాయకూడదని కుర్రాళ్ళకి పాఠాలు చెప్పే పెద్దమనిషిని నేను.

ఆమె ఒక గదిలోకి తీసుకెళ్ళి చూపించింది. యాత్రికులు స్నానం చేసి, నొసటి స్టిక్కరు బొట్టు తీసి అద్దానికే అతికించి పోతారు. విభూతి చేతులూ అద్దానికే. వాటిని గీకాలి, తడిగుడ్డతో తుడవాలి. నీళ్ళు కింది అంచుకి జారి అక్కడే నిలుస్తాయి. ఇహ దొడ్డి కడగడానికి యాసిడ్ పోస్తే ఆ పొగంతా తలుపేసిన గదిలోనే తిరుగుతుంది. "ఈ పొగకి మా గొంతులే మండుతాయి, అద్దం ఎట్ల ఆగుతాది?" అంది.

వెనక్కొచ్చి చదివితే ఆమె చెప్పిన ప్రతి ముక్కా నిజం. అద్దం అంటే గాజు కాదండీ. గాజు వెనక వెంట్రుక కన్నా ఎన్నో వందల రెట్లు పల్చగా ఉండే వెండి పూత. ఆ వెండిని కాపాడడానికి సాధారణంగా దానిమీద ఒక రాగి పొర (ఇప్పుడు రాగి లేకుండానూ చేస్తున్నారు), దానిమీద రంగు, మంచి అద్దమైతే రెండు పూతలు. మనకి కనబడేది గాజు, మనం డబ్బిచ్చేది వెనకున్న ఆ పొరలకి. అద్దాన్ని కోసినచోట, అంటే అంచు దగ్గర, పొరలన్నీ బయటపడి ఉంటాయి. నీళ్ళూ, యాసిడ్ ఆవిరీ అక్కడినుంచే లోపలికి పాకుతాయి. అందుకే నలుపు ఎప్పుడూ అంచుల్లోనే మొదలవుతుంది. రంగు తక్కువ పూస్తే అద్దం చవగ్గా వస్తుంది, కొత్తలో ఏ తేడా తెలియదు.

రెండో తప్పు అతికించడంలో. మామూలు సిలికాన్ ట్యూబు తెరవగానే వెనిగర్ లాగా పుల్లటి వాసన వేస్తుంది. అది ఎసిటిక్ ఆమ్లం, ఆరేటప్పుడు బయటికొస్తుంది. మనం దాన్ని తీసుకెళ్ళి సరిగ్గా వెండి పూత వెనకే రాశాం! వాసన లేని న్యూట్రల్ రకం వేరే ఉంటుంది, ట్యూబు మీదే రాసి ఉంటుంది, నూరో నూటయాభయ్యో ఎక్కువ. మా తొమ్మిదో నంబరులో జరిగిందేంటంటే, సిలికాన్ గోడకి గట్టిగానే పట్టుకుంది, రంగూ సిలికానుతోనే ఉండిపోయింది. గాజొక్కటే ఊడి కిందికొచ్చింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. 310 చొప్పున 26 అద్దాలకి 8,060. మళ్ళీ 640 చొప్పున 24 కొంటే 15,360. మొత్తం 23,420. మొదట్లోనే 640 పెట్టి 26 కొని ఉంటే 16,640. లారీ ఖర్చూ, వడ్రంగి రెండుసార్ల కూలీ కలపలేదు. ఐదు కుట్లు ఏ గడిలో రాయాలో నా ఎక్సెల్ షీటుకి తెలియదు.

మనవాళ్ళకి 'ఎల్ వన్' అనే రోగం ఒకటుంది. టెండర్లలో అందరికన్నా తక్కువ చెప్పినవాడికి ముద్దుపేరది. ప్రభుత్వాఫీసుల్ని తిట్టుకుంటూనే మన ఇంటి పనుల్లోనూ అదే చేస్తాం. తక్కువ ధర తప్పని నేననడంలేదు. ఒకే వస్తువుకైతే తక్కువ ధరే మంచిది. ఆ రెండూ ఒకే వస్తువని తేల్చుకోకుండా ధరలు పోల్చడమే తప్పు. మన దేశంలో వెండిపూత అద్దాలకి ఐ.ఎస్. 3438 అనే ప్రమాణం ఉంది. యూరప్ వాళ్ళ ఈ.ఎన్. 1036లో ఐతే అద్దాన్ని ఉప్పునీటి తుంపర్లలో 480 గంటలు, అంటే 20 రోజులు, ఉంచి చూస్తారు. నేను ఆ ఏడుగురిలో ఒక్కణ్ణి కూడా "మీ అద్దానికి ఏ పరీక్ష చేశారు?" అని అడగలేదు. "లాస్ట్ ప్రైస్ ఎంత?" అని మాత్రం ఏడుగురినీ అడిగా.

రెండోసారి పద్ధతి మార్చాం. హైదరాబాదు ట్రూప్ బజార్లో తిరిగి మూడు రకాలవి ఒక్కొక్క ముక్క చొప్పున కొన్నా. వాటిని పెద్దమ్మ బట్టలుతికే తొట్టి పక్కన, యాసిడ్ సీసాలుండే మూల, రెండు నెలలు పెట్టింది. ఒకటి మూడో వారానికే అంచు నల్లబడింది. నెల తిరిగేసరికి రెండోదానికీ పొక్కులొచ్చాయి. మిగిలినదాన్నే తీసుకున్నాం. ఐదు ఎం.ఎం. మందం, అంచులు నున్నగా పాలిష్ పట్టినది, వెనక రంగు మీద కంపెనీ పేరు అచ్చేసి ఉన్నది. బిల్లు లేకుండా ఐతే తగ్గిస్తానన్నాడు కొట్టాయన. బిల్లుతోనే తీసుకున్నాం, రేపు ఏదైనా ఐతే అడగడానికి కాగితం ఉండాలి కదా. పగిలినా ముక్కలు రాలిపోకుండా వెనక పట్టి ఉంచే ప్లాస్టిక్ ఫిల్ము కూడా వేయించాం.

ఒక్కో అద్దం మూడున్నర కిలోలు, 24 కలిపి 84. ఈసారి లారీని నమ్మలేదు. నా కార్లోనే వెనక సీటు మడిచి, మధ్యమధ్యలో కాగితాలు పెట్టి, పుస్తకాల్లాగా నిలబెట్టి తీసుకెళ్ళా. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9కి మూసేస్తారు, మళ్ళీ పొద్దున 6కే. ఎనిమిదిన్నరకి దాటా. అక్కడినుంచి డ్యాము దాకా నల్లమలలో మెల్లిగా, ప్రతి మలుపులోనూ వెనక్కి చెవి పెట్టి నడిపా. ఒక్కటీ పగల్లేదు.

బిగించేటప్పుడు పెద్దమ్మ పక్కనే నిలబడింది. గోడకీ అద్దానికీ మధ్య గాలాడే సందు ఉంచి, కింద అల్యూమినియం పట్టీ మీద ఆనించి, వాసన లేని సిలికాన్ వాడాం. సింకు మీద నీళ్ళు ఎగరనంత ఎత్తుకి జరపమని ఆమే చెప్పింది. యాసిడ్ వాడకం తగ్గించమని మామకి చెప్పింది కూడా ఆమే. ఈసారి ఆయన విన్నాడు.

2025 శివరాత్రి అయ్యాక మళ్ళీ వెళ్ళినప్పుడు 22 గదులూ తిరిగి చూశా. ఒక గదిలో, అప్పుడే కల్యాణకట్టలో గుండు చేయించుకొచ్చిన చిన్నపిల్లాడు వాళ్ళ నాన్న చంకలోంచి అద్దంలోకి చూసి, అది ఎవరో తెలియక బావురుమంటున్నాడు. అంచులు శుభ్రంగా ఉన్నాయి.

"ఎట్లున్నాయి పెద్దమ్మా?" అనడిగా.

"అద్దాలు బాగానే ఉండాయి నాయనా. ఈ బొట్లు అతికించేది మాత్రం ఎవ్వరూ మానరు" అంటూ, బొటనవేలి గోటితో ఒక ఎర్రబొట్టు గీకి తీసింది.