రేంజ్‌ఫైండర్‌కు తొంభై పెడదామా?

వడమాలపేటలో కూర్చుని రేంజ్‌ఫైండర్ కెమెరా కబుర్లేందప్పా అని నవ్వుకుంటున్నారా? నవ్వండి, పర్లేదు. ఇక్కడి నుంచి తిరుపతి గంగమ్మ జాతర ఎంత దూరమని! మే నెలలో జాతర మొదలైతే రోజుకో వేషం. బైరాగి వేషానికి ఒంటినిండా నామకొమ్ము తెలుపు, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. ఆ ముఖాలు కావాలంటే 50 ఎం.ఎం. లెన్స్‌తో వేషగాడి మీదికి పోవాలి. పోయామా, ఆయన నడక ఆపి మనకోసం బిగుసుకుని నిలబడతాడు. అదే 90 అయితే రెండు మీటర్ల దూరంలో ఉండే తల నుంచి నడుము దాకా నిండుగా తీసుకోవచ్చు. మన ఉనికి ఆయనకు పట్టదు.

అయితే ఏ 90? లేక 85, 75? ఇక్కడే శానామంది ఎస్.ఎల్.ఆర్. లెక్కలో ఆలోచిస్తారు. అందులో లెన్స్ మారిస్తే కంటికి కనిపించేదీ మారిపోతుంది. రేంజ్‌ఫైండర్‌లో అలా కాదు. కిటికీ అదే, దృశ్యం అదే. మధ్యలో వెలిగే గీతల చట్రం ఒక్కటే చిన్నదవుతుంది. 1954లో వచ్చిన లైకా ఎం3 కిటికీ దృశ్యాన్ని 0.91 వంతు చూపిస్తుంది కాబట్టి 90 చట్రం హాయిగా ఉంటుంది. 1984 నాటి ఎం6లో అది 0.72 వంతే, అయినా పని జరుగుతుంది. 135 చట్రమైతే మాత్రం తపాలాబిళ్ళే. దాని జోలికి నేను పోను.

కిటికీ ఒక్కటే కాదు, ఫోకస్ సంగతీ ఉంది. కెమెరా ముందున్న రెండు గాజు కళ్ల మధ్య ఎడం ఎంత ఎక్కువైతే, అవి చూపే రెండు బొమ్మలు కలిసే చోటు అంత కచ్చితం. ఆ ఎడాన్ని కిటికీ వంతుతో గుణిస్తే ఎం3కి సుమారు 62 మిల్లీమీటర్లు, ఎం6కి 50. 1973లో వచ్చిన బుల్లి లైకా సీఎల్‌కు 19కి కాస్త తక్కువే. అందుకే కాబోలు, కంపెనీ సీఎల్ కోసం చేసిన 90ని ఎఫ్/4 దగ్గరే ఆపేసింది.

ఎఫ్/2 మోజు ఉన్నవాళ్లు రవ్వంత ఓపిక పట్టి వినండి. 90 ఎఫ్/2తో మీటరు దూరంలో ముఖం తీస్తే పదునుగా ఉండేది సుమారు 13 మిల్లీమీటర్ల మందమే. కనురెప్ప దొరికితే ముక్కు పోతుంది. రెండు మీటర్లకు జరిగితే అయిదారు సెంటీమీటర్లు; ఎఫ్/4కి మూస్తే దానికి రెట్టింపు. మన మే నెల ఎండలో ఎఫ్/2 తెరిచే పనేముంది చెప్పండి? జూన్‌లో అప్పలాయగుంట బ్రహ్మోత్సవాల రాత్రి వాహనసేవకు పోతే మాత్రం మనసు ఊగుతుంది, ఒప్పుకుంటా. అలాంటివాళ్లకు ఎఫ్/2.8 మధ్యేమార్గం. పాత 90 ఎఫ్/2 సుమిక్రాన్ మెడలో వేసుకుని జాతరలో తిరిగితే రాత్రికి మెడ పట్టేస్తుంది. పుత్తూరు కట్టు దాకా పోనక్కర్లేదులెండి.

85 ఎఫ్/2 నిక్కోర్‌కి ఘనమైన చరిత్రే ఉంది. 1950లో లైఫ్ పత్రిక ఫొటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ టోక్యోలో ఉండగా, జపాన్ ఫొటోగ్రాఫర్ జున్ మికి ఆ లెన్స్‌తో ఆయన ఫొటో తీసి చూపించాడు. ఆ పదును చూసి డంకన్ నిక్కోర్ లెన్సులనే తన లైకాలకు తగిలించుకుని కొరియా యుద్ధానికి వెళ్లాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో, రమణ మహర్షి చివరి రోజుల్లో, అరుణాచలంలో ఉన్న ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్తియే బ్రెసోన్ మాత్రం ప్రధానంగా 50 మనిషి. కాబట్టి 90 లేకపోతే ఫొటోలే రావని ఎవరైనా అంటే నమ్మకండి.

మరి నా ఓటు? పాత 90 ఎఫ్/4 ఎల్మార్. 1931 నుంచీ ఉన్న రకం కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది, సన్నగా ఉంటుంది. మర బిగింపు రకమైతే ఎం కెమెరాకు మధ్యలో రింగు కావాలి. 28/90 అని ఉన్నదే అడగండి, లేకపోతే కిటికీలో వేరే చట్రం వెలుగుతుంది. రష్యా జూపిటర్-9 కూడా 85 ఎఫ్/2నే, ముఖాలకు మెత్తగా బాగుంటుంది. కానీ లైకాపై ఫోకస్ కుదిరిన ముక్క దొరకడం అదృష్టం.

కొనేముందు వెనక నుంచి టార్చి వేసి చూడండి. మనకు అక్టోబరు, నవంబరు వానలు గట్టివి. బీరువాలో పడేసిన లెన్స్‌కు దారాల్లా ఫంగస్ పడుతుంది. తెల్లటి పొగలాంటి మసక అయితే తుడిపించుకోవచ్చు, గాజును తినేసిన ఫంగస్ మచ్చ పోదు. తర్వాత బల్లమీద కొలత టేపు ఏటవాలుగా పరిచి, మధ్య అంకెకు ఫోకస్ చేసి, ఎఫ్ పూర్తిగా తెరిచి నాలుగు ఫొటోలు తీయండి. ఫిల్మ్ కడిగాక ఆ అంకె కాకుండా పక్క అంకె పదునుగా వస్తే, తప్పు లెన్స్‌దా, కెమెరాదా అని మీ 50తో కూడా అదే టేపు తీసి చూడండి.